మలుపులో ఉలవలు

అన్న మోటారుసైకిల్ పందెంలో పేరిచ్చాడని తెలిసిన సాయంత్రం నేను మనసులో ఒక వరస పెట్టుకున్నాను. ముందు టైరు పగలొచ్చు. గొలుసు తెగి వెనక చక్రంలో ఇరుక్కోవచ్చు. బ్రేకు తీగ సాగిపోవచ్చు. కుక్క అడ్డం రావొచ్చు, గేదె అడ్డం రావొచ్చు, గేదె వెనక దాన్ని తోలుకొచ్చే మనిషి అడ్డం రావొచ్చు. కంకర తేలిన చోట చక్రం పక్కకు జరగొచ్చు. కంట్లో పురుగు పడొచ్చు. అప్పటికి నేను నెల్లూరులో మెకానికల్ డిప్లొమా ముగించుకొని ఉదయగిరిలో ఇంట్లోనే ఉన్నాను. ఉద్యోగం ఇంకా రాలేదు. ఏ యంత్రాన్నయినా ముందు భాగాలుగా విడదీసి, ఒక్కో భాగం ఎక్కడ విరుగుతుందో చూడమని మాకు నేర్పారు. భయపడే స్వభావం ఉన్నవాడికి ఆ చదువు మంచిది కాదు. ఇతరులకు ఒక్క భయం కనిపించే చోట నాకు పది కనిపించేవి.

అవి డెబ్బైల చివరి ఏళ్ళు. మద్రాసు నుంచి ఒక మోటారు క్లబ్బు వాళ్ళు వచ్చి మా రోడ్డు చూసి పోయారు. లారీలు తక్కువ, మలుపులు ఎక్కువ, చివర కొండ. వాళ్ళకు నచ్చింది. ఆత్మకూరులో బయల్దేరి దుత్తలూరు మీదుగా ఉదయగిరి చేరాలి. ముందు కార్లు, వాటి తర్వాత మోటారుసైకిళ్ళు. అన్నిటినీ ఒక్కసారి వదలరు. ఒకదాన్ని వదిలి, కాసేపు ఆగి ఇంకోదాన్ని వదులుతారు. ఎవరు తక్కువ సేపట్లో చేరితే వాళ్ళది గెలుపు. మోటారుసైకిళ్ళలో మన జిల్లా వాళ్ళకు విడిగా ఒక కప్పు పెట్టారు. అన్న కన్ను దాని మీద పడింది.

అన్న పశువుల ఆస్పత్రిలో పనిచేసేవాడు. సూదులు, మందులు పెట్టెలో సర్దుకొని పాత జావా మీద దుత్తలూరు, వరికుంటపాడు పల్లెలన్నీ తిరిగేవాడు. ఆ రోడ్డులో గుంటలన్నీ పేరుపేరునా తెలుసని చెప్పుకునేవాడు. అది నిజమే. అయితే గుంటలు తెలిసినవాడు రోజూ వాటిని తప్పించుకుంటూ నిదానంగా పోతాడు. పందెంలో నిదానానికి చోటు లేదు. ఈ మాట నేను అన్నతో అంటే, నాకు ఉద్యోగం ఎందుకు రావడం లేదో ఇప్పుడు అర్థమైందన్నాడు.

అమ్మకు ఇష్టం లేదు. మాది మిషను కాలం నుంచి బాప్టిస్టు కుటుంబం. ఆదివారం గుడి ఎగ్గొట్టి పందేనికి పోవడం ఆమెకు మింగుడు పడలేదు. అన్నతో మాట్లాడటం మానేసి దేవుడితో మాట్లాడింది, అన్నకు వినిపించేంత గట్టిగా.

వదిన వద్దనలేదు, సరేననలేదు. అన్న బండికి కొత్త బ్రేకు తీగ వేస్తుంటే దగ్గర నిలబడి ఒకే ఒక మాట అంది.

"పోతే పో. పడేదైతే మాత్రం నా కండ్ల ముందర పడు. ఎవురో సైకిలేసుకోని వచ్చి నాకు చెప్పబన్లేదు."

"పడేది ఖాయం చేసినావు గదే" అని అన్న నవ్వాడు. ఆమె నవ్వలేదు. వదిన వాళ్ళ నాయన లారీ డ్రైవరు. బళ్ళారి దోవలో ఎక్కడో లారీ తిరగబడితే, ఆ కబురు నాలుగు నోళ్ళు మారి, చివరికి ముక్కూ మొహం తెలియని మనిషి ఒకడు సైకిల్ మీద తెచ్చాడు. అప్పటికే ఆయన్ని అక్కడే పూడ్చేశారు. చూడలేకపోయిన ఆ చావు ఆమె లోపల అలాగే ఉండిపోయింది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరం ఎత్తేవాళ్ళం కాదు.

శనివారం ఆమె నన్ను అడిగింది. "నువ్వు చదువుకున్నోడివి గదా అబ్బయ్యా. మీ అన్న పడితే యాడ పడతాడో చెప్పు. ఆడ బోయి కూచుందాం."

ఆలోచించి చెప్పాను. దుత్తలూరు దాటి ఉదయగిరి వైపు వచ్చేటప్పుడు రోడ్డు ఒక చిన్న మిట్ట ఎక్కి, దిగుతూ కుడికి తిరుగుతుంది. కింద ఒక వాగు, దాని మీద చప్టా. మలుపులో రోడ్డు లోపలి వైపుకు వాలి ఉంటే బండిని పట్టి ఉంచుతుంది. అక్కడ బయటికి వాలి ఉంది. దిగుడు, మలుపు, తప్పు వాలు, మూడూ ఒకే చోట. పైగా మిట్ట ఎక్కేదాకా మలుపు కనిపించదు. నేను ఇదంతా చెబుతుంటే వదిన తల ఊపుతూ వింది, బజారులో సరుకులు చెబుతుంటే విన్నట్టు.

ఆదివారం తెల్లవారి మొదటి బస్సులో పోయి ఆ మలుపు దగ్గర దిగాం. అన్న ముందురోజే ఆత్మకూరు పోయాడు. అరువు తెచ్చిన పసుపు రంగు హెల్మెట్ తలకు పెద్దదైతే, లోపల తువ్వాలు చుట్టి పెట్టుకున్నాడు. ఆ హెల్మెట్ దూరం నుంచి బాగా కనిపిస్తుందని నాకు కొంచెం ధైర్యం.

మలుపుకు బయటి పక్క రోడ్డు అంచున పీకి ఎండబెట్టిన ఉలవ మోపులు కుప్పగా వేసి ఉన్నాయి. వాటి నీడలో కూర్చున్నాం. వదిన కుప్పకు వీపు ఆనించి రొట్టెల డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి ఉదయగిరి నుంచి సోడాబండి తోసుకుంటూ ఒక సాయిబు వచ్చాడు. సీసాల మీద తడిపిన ఎర్ర గుడ్డ కప్పి ఉంది. ఇంత ఎండలో, ఇంత మంచి మలుపులో మీ ఇద్దరే కూర్చున్నారేందని అడిగాడు. వదిన మా ఇంటాయన పందెంలో ఉన్నాడని చెప్పింది. అయితే ఆయన వచ్చినప్పుడు ఒక సోడా ఊరికే ఇస్తానన్నాడు. ఆగడు గదా అని నేనంటే, అందుకే గదా ఊరికే ఇస్తానంటున్నానన్నాడు. వదిన నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

పొద్దెక్కాక మైకు కట్టిన జీపు ఒకటి దుత్తలూరు వైపు నుంచి వచ్చింది. రోడ్డు ఖాళీగా ఉందా లేదా అని చూసుకుంటూ పోయే బండి అది. గొడ్లు లేవు, మనుషులు లేరు, రోడ్డు శుభ్రంగా ఉంది. జీపు చప్టా దాటిపోయింది.

అది కనుమరుగు కాగానే చేలో నుంచి ఒక అవ్వ, ఆమె కొడుకు వచ్చారు. కొడుకు చేతిలో పంగలకర్ర ఉంది. ఏమీ తొందర లేకుండా కుప్పలో నుంచి మోపులు లాగి, విప్పి, మలుపు పొడుగునా తారు మీద పరవడం మొదలుపెట్టారు.

మా మెట్ట పల్లెల్లో ఇది కొత్త కాదు. కళ్ళంలో ఎద్దులతో తొక్కించే బదులు, పంటను రోడ్డు మీద పరిస్తే బస్సులు, లారీలు తొక్కిపోతాయి. కాయలు పగిలి గింజ రాలుతుంది. సాయంత్రం చెత్త తీసేసి, ఊడ్చి, తూర్పారబట్టుకుంటారు. ఎన్నో ఏళ్ళుగా బస్సులో ఆ పరుపుల మీదుగా పోతూ నేను దాన్ని చూసినవాణ్ణే. నా వరసలో మాత్రం అది లేదు.

"ఏందవ్వా, పందెం బళ్ళకు పరుపేస్తుండావా?" అన్నాడు సాయిబు.

"దినామూ పోయేది నాలుగు బస్సులు. వాటితో నూరేదెప్పటికి?" అంది అవ్వ, వంచిన నడుం ఎత్తకుండానే. "ఈ పొద్దు బళ్ళు శానా పోతాయని దండోరా వేసింది నేనా? గొడ్లను తోలబాకండి, గొర్లను తోలబాకండి అన్నారు. తినేదానికి ఒక్క నోరు రాదు. ఇంతకన్నా మంచి దినం యాడుండాది?"

ఆ దండోరా నేనూ విన్నాను. గొడ్లు, గొర్లు, పిల్లలు, ఎద్దుల బళ్ళు అని వరసగా చెప్పారు. ఉలవల సంగతి చెప్పలేదు. మద్రాసు వాళ్ళకు తెలియదు. వాళ్ళ మాటను దండోరా వేయించినవాళ్ళకు, ఇది చెప్పాల్సిన సంగతిగా తోచలేదు. అవ్వను తప్పు పట్టడానికి నాకు చోటు దొరకలేదు. ఇవి బస్సులు కావవ్వా, పందెం బళ్ళు, జోరుగా వస్తాయి అన్నాను. వీటికి చక్రాలుండాయా లేదా అని అడిగింది. ఉన్నాయన్నాను. అయితే తొక్కుతాయిలే అంది.

ఇంకో మాట అనేలోపే మిట్ట అవతల మోత వినిపించింది.

నేను అంతకుముందు పందెం కారును చూడలేదు. మోత ముందు వచ్చింది, ఎంతసేపటికీ కారు రాలేదు. ఉన్నట్టుండి మిట్ట మీద ఒక అంబాసిడర్ లేచి, ముందు చక్రాలు నేలను వదిలాయా అన్నట్టు ఊగి, మా మీదికే దిగింది. డ్రైవరు పరుపు చూసి బ్రేకు తొక్కాడు. కారు తోక ఒక పక్కకు, మళ్ళీ ఇంకో పక్కకు కొట్టుకుంది. పొట్టు, పుల్లలు మా నెత్తిన వాన కురిసినట్టు పడ్డాయి. కిటికీలో నుంచి ఏదో తిట్టు వినిపించింది. కారు చప్టా దాటిపోయింది.

"ఇది బాగా తొక్కినాది" అంది అవ్వ.

తర్వాత వరసగా కార్లు వచ్చాయి. ఒక్కో కారు పోగానే కొడుకు రోడ్డు మీదికి ఉరికి పంగలకర్రతో చెత్త తిరగేసేవాడు. మోత వినిపించగానే పక్కకు దూకేవాడు. దూకడం ప్రతిసారీ కొంచెం ఆలస్యమవుతున్నట్టు నాకు అనిపించింది. అవ్వ మాత్రం కార్లకు మార్కులు వేస్తూ కూర్చుంది. అంబాసిడర్‌కు బరువుంది. చిన్న ఫియట్ పోతే పెదవి విరిచి, దీనికన్నా మా దూడ నయమంది. సాయిబు కడుపు పట్టుకొని నవ్వాడు. కార్ల వరకు నాకూ పెద్ద భయం లేదు. నాలుగు చక్రాల బండి ఊగినా పడదు.

కార్లు అయిపోయాయి. రోడ్డు నిశ్శబ్దమైంది. కార్లకూ మోటారుసైకిళ్ళకూ మధ్య కొంత ఎడం ఉంటుందని ముందే చెప్పారు. నేను లేచి రోడ్డు మీదికి పోయి కాలితో చెత్త పక్కకు నెట్టి చూశాను. కింద నల్లటి తారు మీద ఉలవలు పొరగా రాలి ఉన్నాయి. గట్టిగా, నున్నగా. చెప్పు మోపి కొంచెం బరువు వేశాను. కాలు నన్ను అడగకుండా ముందుకు పోయింది. సాయిబు పట్టుకోకపోతే వెనక్కి పడేవాణ్ణి.

సైకిల్ చక్రం ఇరుసులో గుండ్లుంటాయి, చక్రం తేలిగ్గా తిరగడానికి. గట్టి రోడ్డుకూ గట్టి టైరుకూ మధ్య గింజలు వస్తే అదే పని చేస్తాయి. రోడ్డును పట్టుకోవాల్సిన టైరు దాని మీద దొర్లిపోతుంది. మోటారుసైకిల్ మలుపులో వంగి ఉంటుంది. వంగిన బండిని నిలబెట్టేది టైరుకు రోడ్డు మీద ఉండే ఆ పట్టు ఒక్కటే. అది పోతే ఎంత నేర్పరి అయినా చేసేదేమీ లేదు. ఇది అనుమానం కాదు, లెక్క.

వదిన నా మొహం వైపే చూస్తోంది.

"మోటర్‌సైకిల్ వస్తే?" అంది.

ఆమె రొట్టెల డబ్బా కింద పెట్టి లేచింది.

నేను అవ్వ దగ్గరికి పోయి, వెంటనే అంతా తీసేయాలి, రెండు చక్రాల బళ్ళు వస్తున్నాయి, జారిపోతాయి, మా అన్న ఉన్నాడని బతిమాలాను. సగం నూరిన పంటను ఎత్తేది లేదంది. ఇంకా కాయలు పగలాల్సినవి ఉన్నాయంది. "మీ అన్న జారితే లేచి పోతాడు. నా ఉలవలు మట్టిపాలైతే ఎవురెత్తిస్తారు?" అంది. ఆ మాటకు నాకు కోపం రాలేదు, భయమే ఇంకా పెరిగింది. ఆమెకు అది ఒక ఏడాది తిండి. ఆమె చూసిన మోటారుసైకిళ్ళన్నీ మా అన్నలా మందుల పెట్టెతో నిదానంగా వచ్చినవే.

వదిన ముందుకు వచ్చింది. పుట్టింది వరికుంటపాడు పక్క మెట్ట పల్లెలో, పెళ్ళయ్యేదాకా ఉలవ పీకిన చేతులే అవి. వంగి గుప్పెడు గింజలు ఏరి, పొట్టు ఊది, అవ్వ అరచేతిలో పోసింది.

"చూడవ్వా, పప్పవుతుండాది. ఇంకా తొక్కిస్తే ఇత్తనానికి పనికిరాదు."

అవ్వ అరచెయ్యి కంటి దగ్గరికి తెచ్చుకొని గింజలను వేలితో కదిపింది. చాలావాటికి పైన పొర లేచి, బద్దలు విడిపోయి ఉన్నాయి. కార్లు బస్సుల్లా మెల్లగా తొక్కలేదు, బ్రేకు వేసి నలిపాయి. "రేయ్, పొరకలు తీసకరా" అని అవ్వ కొడుకును కేక వేసింది.

ఐదుగురం రోడ్డు మీద పడ్డాం. కొడుకు చెత్తను పంగలకర్రతో లాగి బయటి అంచున కుప్ప వేస్తున్నాడు. అవ్వ, వదిన పొరకలతో గింజలు ఊడుస్తున్నారు. సాయిబు లుంగీ ఎగ్గట్టి, సోడా పెట్టె అట్టముక్కతో గీకుతున్నాడు. నేను చేతులతో తోస్తున్నాను. తారు గరుకులో ఇరుక్కున్న గింజ ఒక పట్టాన రాదు. ఊడ్చిన కొద్దీ ఇంకా కనిపిస్తున్నాయి. వంగి పనిచేస్తున్నా చెవులు మాత్రం మిట్ట అవతలే ఉన్నాయి. మలుపులో లోపలి సగం శుభ్రమైంది. బయటి సగం ఇంకా మిగిలింది. వేగంగా వచ్చేవాడు బయటి సగంలోనే వస్తాడు.

అప్పుడు వినిపించింది. కారు మోత కాదు, సన్నగా కోసుకొచ్చే మోత.

అందరం పక్కకు దూకాం. మొదటివాడు మద్రాసు మనిషి, ఒళ్ళంతా తోలు బట్టలు. మిట్ట దిగి మలుపులో వంగబోతూ, అంచున పొరకలు పట్టుకున్న ఆడవాళ్ళను చూసి బండిని నిలువుగా లేపాడు. వెనక చక్రం గింజల మీద రెండు మూడుసార్లు పాములా ఆడింది. వాడు కాళ్ళు రెండూ చాచి, ఎట్లాగో నిలబెట్టుకొని, అరవంలో ఏదో అరుస్తూ పోయాడు.

నేను సాయిబు సీసాల మీది ఎర్ర గుడ్డ లాక్కొని మిట్ట మీదికి పరుగెత్తాను. అక్కడైతే వచ్చేవాళ్ళు ముందే చూస్తారు. రెండోవాడు నా గుడ్డ చూసి నిదానించాడు. నేను కింద మలుపు వైపు వేలు చూపించాను. తల ఊపి, మెల్లగా దిగి పోయాడు. ఇది పనిచేస్తోంది అనుకున్నాను.

తర్వాత దూరంగా పసుపు చుక్క కనిపించింది.

పెద్దదవుతూ వచ్చింది. జావా మోత నాకు నిద్రలో అయినా తెలుస్తుంది. అన్న ట్యాంకు మీదికి ఒరిగి, మోచేతులు దగ్గరికి లాక్కొని వస్తున్నాడు. అంత వేగంగా ఆ బండి పోగలదని నాకు తెలియదు. రోడ్డు మధ్యదాకా పోయి ఎర్ర గుడ్డను రెండు చేతులతో ఊపాను. నిదానించు, నిదానించు అని అరిచాను. అన్న నన్ను గుర్తుపట్టాడు. పళ్ళు కనిపించాయి. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద నుంచి తీసి, పైకెత్తి, నాకు తిరిగి ఊపాడు.

ఆత్మకూరు నుంచి దారి పొడుగునా జనం తువ్వాళ్ళు, జెండాలు, పైట కొంగులు ఊపుతూనే ఉన్నారట. నేనూ ఉత్సాహంగా ఊపుతున్నాననుకున్నాడు. తమ్ముడు చూస్తున్నాడని యాక్సిలరేటరు ఇంకొంచెం ఎక్కువ తిప్పాడు.

అన్న నా పక్క నుంచి దాటిపోయిన గాలికి గుడ్డ నా మొహానికి చుట్టుకుంది. దాన్ని లాగేసేసరికి బండి మిట్ట దిగిపోయింది, కనిపించడం లేదు. మోత మాత్రం వినిపిస్తోంది. మలుపు ముందు తగ్గాల్సిన మోత తగ్గింది. తర్వాత ఇనుము తారు మీద రాచుకునే శబ్దం. ఆ తర్వాత ఇంజను ఒక్కటే, గొంతు చించుకున్నట్టు, పైకి పైకి. చక్రం నేలను వదిలినప్పుడే, దాని మీద ఏ బరువూ లేనప్పుడే ఇంజను అలా అరుస్తుంది. ఆ మోత నేను వర్క్‌షాపులో ఎన్నోసార్లు విన్నాను, స్టాండు వేసిన బళ్ళ దగ్గర.

అది ఆగిపోయింది. దానంతట అది ఆగినట్టు లేదు, ఎవరో ఆపినట్టు టక్కున ఆగింది. ఆపింది ఎవరు? అన్నే ఆపి ఉంటే అన్న బతికి ఉన్నాడు. పరుగెత్తుతున్నంతసేపూ నాకు ఈ ఒక్క ప్రశ్నే.

మలుపులోకి వచ్చేసరికి బండి మీద వంగి తాళం తిప్పి ఉన్నది వదిన.

అన్న కనిపించలేదు. బయటి అంచున కొడుకు లాగి వేసిన ఉలవ చెత్త కుప్పలో నుంచి రెండు బూట్లు బయటికి వచ్చి ఉన్నాయి. అవి కదలలేదు. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నిలబడింది. సాయిబు ఏదో దువా చదువుతున్నాడు. నేను దగ్గరికి పోలేకపోయాను. నాకూ ఆ బూట్లకూ మధ్య నాలుగు అడుగులు, అవి దాటడం నా వల్ల కాలేదు.

వదిన పోయింది. చెత్త రెండు చేతులా తీసి పక్కకు వేసింది. పసుపు హెల్మెట్ కనిపించింది, తర్వాత మొహం. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు తెరుస్తున్నాడు, మాట రావడం లేదు. ఊపిరి అందడం లేదని నాకు అర్థమైంది. ఆమె అతన్ని పట్టుకోలేదు, ఏడవలేదు.

"కాళ్ళు కదిలించు" అంది.

బూట్లు కదిలాయి.

"చేతులు."

కదిలాయి. కుడి మోచెయ్యి తోలు లేచిపోయి ఎర్రగా ఉంది.

"నా పేరేంది?"

అన్న గుటక వేసి, గాలి పీల్చుకొని, ఆమె పేరు చెప్పాడు.

"లెయ్ అయితే. ఎనక ఇంకో బండి వస్తుండాది."

తన చేతులు రెండూ చంకల్లో దాచుకుంది.

వెనక వచ్చేవాళ్ళకు నేను గుడ్డ ఊపలేదు. సాయిబు తన సోడాబండినే మిట్ట మీదికి తోసుకుపోయి, రోడ్డులో సగం దాకా అడ్డం పెట్టాడు. పగిలితే అన్నాను. పగిలితే సోడాలే గదా అన్నాడు. బండి చూసి ప్రతివాడూ నిదానించాడు. కింద అవ్వ, కొడుకు ఊడుస్తూనే ఉన్నారు.

అన్న కాసేపు కూర్చుని, సోడా తాగి, బండి దగ్గరికి పోయాడు. పోతానన్నాడు. కప్పు పోతే పోయింది, చివరిదాకా పోకపోతే ఎట్ట అన్నాడు. ఇంటికి పోదామన్నాను. బండిని ఇక్కడే ఉంచి సాయంత్రం లారీలో తెప్పిస్తానన్నాను. వదిన ఒప్పుకుంటుందనే అనుకున్నాను. ఆమె అన్న వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"బండి బాగుండాదా?"

ఎవరైనా నన్ను ఆ ప్రశ్న అడిగి, నా మాట మీద ఒక మనిషిని పంపడం అదే మొదటిసారి. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటి చూశాను. ముందు ఫోర్కు వంగలేదు. హ్యాండిల్ కొంచెం తిరిగింది, చక్రాన్ని మోకాళ్ళ మధ్య బిగించి సరిచేశాను. చువ్వలు వేలితో తట్టి చూశాను, అన్నీ ఒకే రకంగా మోగాయి. గొలుసు ఉంది. కుడి ఫుట్‌రెస్టు వంగింది, బ్రేకు పెడలు దానికి తగలడం లేదు. పెట్రోలు కారడం లేదు. టైరు గాట్లలో ఇరుక్కున్న ఉలవలను గోటితో తీసేశాను. కనిపించేవన్నీ బాగున్నాయి. కనిపించని చోట సన్నని చీలిక ఉంటే నాకు తెలియదు. ఆ మాట చెప్పాలా వద్దా అని తటపటాయించి, చెప్పేశాను.

"నిదానంగా అయితే పోవచ్చు" అన్నాను చివరికి.

"రేపు సోమారం" అంది వదిన. "రేపైనా ఈ రోడ్డున పోవల్సిందే గదా. పో."

అన్న నిదానంగానే పోయాడు. చప్టా దాటి, పొదల వెనక పసుపు చుక్క మాయమయ్యేదాకా చూశాం. ఆ తర్వాత మొదలైన భయం ముందుదానికంటే పెద్దది. ముందుది అన్న భయం, రోడ్డు భయం. ఇది నా మాట మీద నిలిచిన భయం. పందెం ముగిసి రోడ్డు తెరిచేదాకా బస్సు లేదు, ఉదయగిరి నుంచి కబురు వచ్చే దారి లేదు. వదిన రోజంతా ఏది వద్దనుకుందో అదే ఇప్పుడు ఆమె ముందు ఉంది. కంటికి కనిపించని చోట అన్న పోతున్నాడు. ఆమె అవ్వతో కలిసి గింజలు ఎత్తుతూనే ఉంది. రెండుసార్లు తలెత్తి రోడ్డు వైపు చూసింది. సైకిల్ వస్తోందా అని చూసిందని నాకు తెలుసు.

మధ్యాహ్నం దాటాక బస్సు వచ్చింది. అవ్వ, వదిన చేతిలోని ఖాళీ రొట్టెల డబ్బా లాక్కొని దాని నిండా ఉలవలు పోసింది. వద్దంటే వినలేదు. "మీ ఆయన తొక్కిచ్చినవే" అంది. ఎవరూ నవ్వలేదు, ఆమె కూడా.

బస్సులో నేను కిటికీ పక్కన కూర్చుని ప్రతి కల్వర్టు కింద, ప్రతి పొద పక్కన పసుపు రంగు కోసం చూశాను. తంగేడు పూలు కనిపించినప్పుడల్లా సగం లేచి చూశాను. ఆ దారిలో అన్ని తంగేడు పొదలున్నాయని అంతకుముందు నేను గమనించలేదు. వదిన బయటికి చూడలేదు. ముందు సీటు కమ్మీ మీద చెయ్యి వేసి, డబ్బా ఒళ్ళో పెట్టుకొని, ఆ చెయ్యి వైపే చూస్తూ కూర్చుంది.

ఉదయగిరి బస్టాండు పక్కన షామియానా వేశారు. దాని అంచున జావా స్టాండు వేసి ఉంది, ఒక్కటే, దగ్గర ఎవరూ లేరు. బండి వచ్చింది సరే, మనిషి? వదిన బస్సు పూర్తిగా ఆగకముందే దిగింది. షామియానా లోపల అన్న బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ గుడి నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో బైబిలు అలాగే ఉంది. ఆ బైబిలుతోనే అన్నకు గాలి విసురుతోంది, ఇంకా మాట్లాడటం లేదు. అన్న మోచేతికి కట్టు కట్టారు. జిల్లా వాళ్ళలో అందరికంటే చివర చేరాడట.

వదిన ఎదురుగా నిలబడి కాసేపు చూసి, పక్కన కూర్చుంది. అంతే.

"నువ్వు గుడ్డ ఊపితే, బాగా పోతుండానని అనుకున్నాన్రా" అన్నాడు అన్న నాతో.

మర్నాడు పొద్దున అన్న కట్టు చేత్తోనే ఆస్పత్రికి బయల్దేరాడు. అమ్మ ఆ ఉలవలను గుగ్గిళ్ళు చేసింది. ఎంత కడిగినా తారు వాసన పోలేదు. పంటి కింద సన్నని కంకర తగిలినప్పుడల్లా నాకు ఇనుము రాచుకునే శబ్దం వినిపించింది. అందరం తిన్నాం. ఎవరం పారేయలేదు.

ఆ క్లబ్బు వాళ్ళు మళ్ళీ రాలేదు. అన్న మళ్ళీ పందెం మాట ఎత్తలేదు. నాకు ఉద్యోగం వచ్చి ఊరు వదిలాను. సెలవుల్లో వచ్చినప్పుడు చూసేవాణ్ణి, అన్న పల్లెల నుంచి వచ్చి బండి ఆపగానే వదిన చెంబుతో నీళ్ళు ఇచ్చి అడిగేది, ఆలస్యమెందుకైందని కాదు, తిన్నావా అని కాదు.

"దోవలో ఏం పరిచినారు?"

కాలాన్ని బట్టి అన్న చెప్పేవాడు. కొర్రలు, దుత్తలూరు దాటినాక. సజ్జలు, చప్టా కాడ. ఈ పొద్దు ఏమీ లేదు. ఏమీ లేదన్న రోజు ఆమె ఖాళీ చెంబు తీసుకొని లోపలికి పోయేది. ఉలవలు అన్న రోజు మాత్రం బండి దగ్గరికి వచ్చి, వంగి, రెండు టైర్లనూ చేత్తో తడిమి చూసేది.